దుప్పట్లో పొట్టి తుపాకీ

"నా కుడి భుజం సంగతి మీకు తెలుసు. గనిలో కప్పు కూలినప్పుడు పోయింది, కంపెనీవాడు కట్టు కట్టించి చేతులు దులుపుకున్నాడు. మా నాన్న ఒంటిగొట్టం తుపాకీ ఇక ఎత్తలేక, దాని గొట్టం కోసి పొట్టిది చేసుకున్నాను. దొంగచాటుగా కాదు! వేలిముద్రలిచ్చి, ఫొటో ఇచ్చి, నా పేరూ ఊరి పేరూ ఇనుము మీద చెక్కించి, వాషింగ్టన్ వాళ్ల అనుమతితో! వెనక చెక్క మా పెరటి వాల్‌నట్ చెట్టుది. నూనె పెట్టి రుద్దీ రుద్దీ నా అరచెయ్యే నున్నబడిపోయింది."

కెంటకీ కొండల్లో, వాగు పక్కన చేపల ఎరలూ పెట్రోలూ అమ్మే కొట్టు వసారాలో, ముసలి డోర్సీ స్టిల్ట్నర్ దుప్పటి చుట్టిన తుపాకీని ఒళ్లో పెట్టుకుని చెబుతున్నాడు. అతని భార్య నెట్టా ఆ కొట్లోనే పనిచేస్తుంది.

"విప్పి చూపించు బావా," అన్నాడు నెట్టా తమ్ముడు క్లెల్.

"ముందు దాని ప్రతాపం విను. మార్చి వరదలో బోటేసుకుని బయల్దేరానా, ఓ దుంగ కొట్టుకొచ్చి అడ్డం పడింది. ఒక్క దెబ్బ. దుంగ రెండు చెక్కలు."

"అంతేనా?"

"అంతేనా అంటావేంట్రా! పొట్టి తుపాకీ పేలుతూ వెనక్కి తంతే గాడిద తన్నినట్టే. ఆ తన్నుకి నా బోటు వరదకి ఎదురు అరమైలు పోయింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మోటారు ఆపేశాను, పెట్రోలు దండగని. తూటాకి అరమైలు! చర్చి కప్పు మీద పాస్టరుగారు చేతులూపుతున్నాడు, దించాను. ఇంకో తూటా, ఇంకో ఇల్లు. సాయంత్రానికి బోట్లో నలభై మంది, రెండావులు, చర్చి పియానో, దాన్ని వాయించే ఆవిడ!"

"నీది ఇద్దరు పట్టే బోటు కదా?"

"ఒకరి మీద ఒకరు కూర్చున్నార్రా! ఇక వాన సంగతి చూద్దామని చివరి తూటా ఆకాశంలోకి పేల్చాను. మబ్బుకి చిల్లు పడి వాన పక్క కౌంటీకి పారిపోయింది. బోటు ఆ తన్నుకి వాగు అడుగు తాకి మళ్లీ పైకి లేచింది. ఒక్కరి జుట్టు తడిస్తే ఒట్టు!"

వసారా అంతా గొల్లుమంది. మెట్టు మీద కూర్చున్న డిప్యూటీ షెరీఫ్ రాట్లిఫ్ మాత్రం నవ్వలేదు. కాఫీ కప్పు కింద పెట్టాడు.

"పెద్దాయనా, వరద మార్చిలో వచ్చింది. మీకు అనుమతి వచ్చింది పోయిన వారం. ఆ రోజు మీరే అందరికీ ఆపిల్ కేకు తినిపించారు."

నవ్వులు ఆగిపోయాయి. అనుమతి రాకముందే గొట్టం కోస్తే పదేళ్ల దాకా జైలు, తుపాకీ కూడా పోతుంది. ఆ వసారాలో అది తెలియనివాడు లేడు.

"అదీ... ఏదో మాటవరసకి..."

"ఇంతమంది విన్నారు. దుప్పటి విప్పండి."

డోర్సీ దుప్పటిని రెండు చేతులా వాటేసుకున్నాడు. "సమ్మెలో కంపెనీ గూండాలు మీదికొస్తే మా నాన్న దీన్ని పట్టుకునే గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడే ఇవ్వలేదు, ఇప్పుడిస్తామా!"

నెట్టా కాఫీ కూజాతో బయటికొచ్చింది. "విప్పవయ్యా! పరువు కోసం జైలు కూడు తింటావా?"

"నువ్వు లోపలికి పో."

ఆమె పోలేదు. కూజా కింద పెట్టి ముడి తానే లాగేసింది. తుపాకీ బయటపడింది, అంగుళం కూడా తగ్గని పొడుగాటి గొట్టంతో సహా. గొట్టం మీద సుద్దతో గీసిన గీత ఉంది. రంపం గాటు ఒక్కటీ లేదు.

"ఇంకా కొయ్యనే లేదు అబ్బాయ్! వారం నుంచి రంపం తియ్యడం, 'మా నాన్నది' అని కళ్లు తుడుచుకోవడం, రంపం లోపల పెట్టడం. ఇదీ ఈయన ప్రతాపం. అబద్ధాలకోరు!"

"గట్టిగా చెప్పవే," అన్నాడు డోర్సీ, బిగబట్టిన ఊపిరంతా వదిలేసి. "అబ్బాయికి బాగా వినబడాలి. పచ్చి అబద్ధాలకోరుని నేను!"

రాట్లిఫ్ గొట్టం చివర బొటనవేలితో తడిమి చూసి, తుపాకీని మళ్లీ దుప్పట్లో చుట్టి డోర్సీ ఒళ్లో పెట్టాడు.

"నాకు తెలుసులే పెద్దాయనా. కానీ అందరి ముందూ అన్నాక చూడక తప్పదు. ఆ వరదలో పాస్టరుగారిని కప్పు మీంచి దింపింది నేను. ఆయన పక్కన ఇంకో పెద్దాయన కూడా ఉన్నాడు, కళ్లు గట్టిగా మూసుకుని, పిల్లిని వాటేసుకుని."

క్లెల్‌కి కాఫీ పొలమారింది. డోర్సీ నెట్టా ఇచ్చిన కప్పు అందుకున్నాడు. సగం తాగి గొంతు సవరించుకున్నాడు.

"వాటేసుకున్నానంటే ఊరికే వాటేసుకున్నానా? వదిలితే ఆ వరదంతా తాగేసేదిరా ఆ పిల్లి!"