జప్తు డప్పు

అరవై రెండో సంవత్సరం, మృగశిర కార్తె. ఆర్మూరు పసుపు అంగడి వెనక డప్పు కాచుకుంటున్న ముసలివాడి మీదికి పటేలు కత్తి పట్టుకొని వచ్చాడు. కౌలుదారుకు నష్టం కట్టనందుకు పటేలు పొలాన్ని కోర్టు జప్తు చేసిందని, పది రోజుల కింద ఈ డప్పు మీదే చాటింపు అయింది.

“లే! పటేలు పైసలు కట్టిండు, జప్తు లేసిపోయిందని అంగడంత సాటు.”

“కోర్టు అమీను సెప్పకుంట కోర్టు మాట సాటితే నన్ను జేల్ల ఏస్తరు పటేలా. రసీదున్నది గద, సేట్లకు సూపియ్యరాదు?”

“ఒక్కడు సూడడు! ఇరువై ఏండ్ల సంది నా మాట మీద విత్తనం పసుపు అప్పు ఇచ్చిన సేటు, మొన్న కూసో అని సుత అనలే. అందరి చెవులల్ల నీ డప్పే ఉన్నది.”

“కట్టనోనికే కోర్టు డప్పు కొట్టిస్తది, బాంచెన్. కట్టినోనికి కొట్టియ్యది.”

చెంప మీద ఒక దెబ్బ పడింది. రెండోది కత్తి పిడితో నుదుటి మీద. కంట్లోకి నెత్తురు కారుతున్నా, పాపం, ముసలివాడు డప్పునే గుండెకు హత్తుకున్నాడు. పటేలు దాని అంచు పట్టి గుంజాడు.

“కొడ్త పటేలా, కొడ్త! జేలైతే జేలాయె. డప్పు ఇడువు!”

ఆ మాట పూర్తయ్యేలోపే కత్తి తోలును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చీల్చేసింది. పటేలు చీలిన తోలును తడిమి చూశాడు.

“ఇంకోటి… ఎన్ని దినాలల్ల అయితది?”

“తోలు దొరకాలె, ఎండాలె. వానలు మొదలైనయి గద. అందరు సేన్లల్ల పసుపు పెట్టుడు అయినంక గని ఎండది, పటేలా.”