అత్తగారి నెత్తి మీది టోపీ

సముద్రం చూడవచ్చే యాత్రికులకు టోపీలమ్మే అత్తగారు, తాను టీ తాగి వచ్చేలోపు ఒక్కటైనా అమ్మితే మెట్ల దగ్గరి రెండో బండిని అప్పగిస్తానని కొత్త కోడలికి మాట ఇచ్చింది. ఆవిడ తిరిగి వచ్చేసరికి కోడలు ముఖం చేటంత చేసుకుని నిలబడి ఉంది.

“అమ్మేశాను అత్తయ్యా!”

“ఏదీ? పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి కదే!”

“వాటిలోది కాదు. ఆ కొక్కేనికి వేలాడుతుండేదే, అది.”

“అయ్యో నా తల్లీ! అది సరుకు కాదే! బండి పెట్టిన నాటి నుంచీ నా నెత్తి మీదున్న టోపీ!”

కోడలు ఖాళీ కొక్కెం వైపు చూసింది.

“నాకేం తెలుసు అత్తయ్యా? అంచు చిరిగిందని చెప్పాను కూడా. ఇన్ని ఎండలకు ఆగింది ఇదొక్కటే, ఇదే కావాలని పట్టుబట్టాడు కొన్నాయన. పెళ్లాం వద్దు మొర్రో అన్నా వినలేదు.”

“మరి ఆ చెమట కంపో?”

“వాసన చూసి, ఆహా, సముద్రపు గాలి అన్నాడు.”

“సముద్రపు గాలా!”

అత్తగారు బండి అంచు పట్టుకుని, కళ్ల నీళ్లు తిరిగేదాకా నవ్వింది. కోడలికి మాత్రం నవ్వు రాలేదు.

“అయితే ఇది లెక్కలోకి రాదా అత్తయ్యా?”

అత్తగారు కొత్త టోపీ ఒకటి తీసి కోడలి తలకు పెట్టి, మెట్ల వైపు ఒక్క తోపు తోసింది.

“రాకేమే! నడు, ఆ బండి నీదే. ఇంకాసేపు ఇక్కడే ఉంచితే నన్ను కూడా అమ్మేసేలా ఉన్నావు!”