నా వంతులో దొరికిన నీహారిక

పంతొమ్మిది వందల ఎనభై ఏడు జూన్ పదిహేనవ తేదీన మా ఖగోళ పరిశోధనశాలలో ఛాయాగ్రాహకులుగా ప్రవేశించి, ఏ పనినైనా తొణకక బెణకక నిర్వహించి, అందరిచేతా ‘నిదానం గారు’ అనిపించుకున్న మా పెద్దలు నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ అభినందన రాయవలసిందిగా మా కార్యాలయ పత్రిక సంపాదకవర్గం నన్నే కోరింది. ఆయన కీర్తిని చూసి నాకంటే ఎక్కువగా కుళ్ళుకున్నవారు ఈ కార్యాలయంలో లేరు కనుక ఎంపిక సమంజసమే.

ఆ రోజుల్లో ఫిల్ముకు బదులు మందు పూసిన గాజు పలకలపై ఆకాశాన్ని ఫొటో తీసేవాళ్ళం. దూరదర్శిని వద్ద వంతులుండేవి. ఒకనాడు నా వంతు రాగా, దవడపన్ను సలుపు భరించలేక ఆయన గదికి వెళ్ళాను.

‘‘అన్నయ్యా, ఇవాళ్టికి నా వంతు మీరు చూసిపెడతారా?’’

‘‘దానికేముంది, నువ్వెళ్ళి ఆ పన్ను సంగతి చూసుకో.’’

నేను పన్ను పీకించుకుని దవడ పట్టుకు పడుకుని ఉండగా, ఆయన తీసిన పలకపై చిన్న గుండ్రని మసక కనిపించింది. నీటి మరకేమోనని పలకను మళ్ళీ కడిగారు. పోలేదు. మరో పలకపై తీస్తే అక్కడా, అదే చోట, ఉంది.

అది గ్రహ నీహారిక. గ్రహాలతో దానికి ఏ సంబంధమూ లేదు. ఆయువు తీరుతున్న నక్షత్రం విడిచిన వాయువుల తెర అది. ఇటువంటివి పాతకాలపు దూరదర్శినులలో గ్రహబింబాల వలె కనిపించినందున పూర్వులు ఆ పేరు పెట్టారు. జాబితాలలో దాని ఆవిష్కర్తగా ఆయన పేరు చేరింది. ‘‘ఆ ఒక్క పూట లవంగం నొక్కిపెట్టుకుని ఓర్చుకోవాల్సిందండీ’’ అని నా శ్రీమతి ఇప్పటికీ దెప్పుతుంది.

తరువాత ఎలక్ట్రానిక్ కెమెరాలు వచ్చాయి. హైడ్రోజన్ ఎరుపును, ఆక్సిజన్ ఆకుపచ్చను వేర్వేరుగా పట్టి, ఓపికగా కలిపి, ఆయన రూపొందించిన అదే నీహారిక చిత్రం మా ప్రవేశద్వారం పక్కన వేలాడుతోంది. నేను రోజూ ఎదుటి గోడను చూస్తూ లోపలికి వస్తాను.

అయితే ఆ నీహారిక చుట్టూ ఉండవలసిన పలచని బయటి పొర మాత్రం ఆయన కెమెరాకు ఎన్నడూ చిక్కలేదు. మొన్న దూరదర్శిని గది తాళాలు నా చేతిలో పెడుతూ ఆయనే ఆ మాట ఎత్తారు.

‘‘నీకింకా రెండేళ్ళ సర్వీసు ఉంది. దాన్ని నువ్వు పట్టాలి.’’

‘‘మీకే దొరకనిది నాకు దొరుకుతుందంటారా?’’

‘‘దొరుకుతుంది. దొరికిన రోజు నాకు కడుపు మండుతుంది తమ్ముడూ, అది మాత్రం ముందే చెప్తున్నా.’’

ఇన్నేళ్ళలో ఆయన నోట నేను విన్న మాటలన్నింటిలో నాకు అత్యంత ప్రీతికరమైనది ఇదే. వదినగారూ, పిల్లలూ ఆయనను జాగ్రత్తగా చూసుకోవాలని మనవి. ఆ బయటి పొర చిత్రాన్ని నేను స్వయంగా తీసుకువెళ్ళి చూపే రోజు వరకు, ఆపైన తనివితీరా కుళ్ళుకునేందుకు వీలుగా మరెన్నో ఏళ్ళు, ఆయన చూపు మందగించకుండా, ఆరోగ్యం చెక్కుచెదరకుండా, నిండు నూరేళ్ళు జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.