తడిబట్టల ప్రమాణం

పాత వ్యాను కొన్నప్పుడు చేయాల్సినవి: ఆర్సీలో పేరు మార్పించాలి, ఇన్సూరెన్స్ మార్పించాలి, కంపెనీకి వెళ్లి వారంటీని కొత్త యజమాని పేరు మీదికి రాయించాలి. ఐరాల రైతు ఒకాయన చివరిది మాత్రం వదిలేసి, అమ్మినాయన చేత కాణిపాకం గుడిలో, కోనేట్లో మునిగిన తడిబట్టలతో ప్రమాణం చేయించుకున్నాడు. ఇద్దరూ మళ్లీ కలిసింది చిత్తూరు వినియోగదారుల ఫోరం వరండాలో.

"వారంటీ ఉండాదని తడిబట్టలతో చెప్పినావు గదప్పా!"

"ఉన్నింది. నా పేరు మీద ఉన్నింది. అబద్ధమా?"

"బ్రేకులు పట్టడం లేదని కంపెనీ షెడ్డులో నువ్వే చెప్పినావంట. అది నాకు చెప్పలేదే?"

"నువ్వు వారంటీ గురించి అడిగినావు. బ్రేకుల గురించి అడిగినావా?"

"కంపెనీకి పోతే వారంటీ నీకు రాదని తిప్పి పంపినారు. వచ్చే దోవలో బ్రేకులు పట్టక వ్యాను బోల్తా పడి నా పెండ్లాం సిద్ధమ్మకు కాలు పోయింది. బ్రేకులు బాగలేవని వాళ్లకు ముందే చెప్పినానని ఒక్క సంతకం పెట్టు. కంపెనీ మీద కేసు నిలబడతాది."

"సంతకం మాత్రం పెట్టనబ్బా. పెడితే నాకూ నోటీసు వస్తాది."

"దేవుని ముందర ప్రమాణం చేసినోడివి!"

"దేవుడు నోటీసు పంపడు గదా."

"థూ! నీ పక్కన నిలబడి దండం పెట్టినాను సూడు, నా మీద నాకే అసయ్యంగా ఉండాది."

అమ్మినాయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. పాత బండి కొనేటప్పుడు కంపెనీ కాగితం అడగడానికి మీకు మొహమాటం వేస్తే, సిద్ధమ్మను ఒక్కసారి గుర్తు చేసుకోండి.