వెంకటేశ్వరమ్మ గారికి కోటిరత్నం గారు చెప్పిన మాట

1987 ఆగస్టు పన్నెండవ తేదీన సత్తెనపల్లి సమీపంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా విధుల్లో చేరిన శ్రీమతి కోటిరత్నం గారు, ముప్పై ఎనిమిదేళ్ల నిర్విరామ సేవానంతరం పదవీ విరమణ చేస్తున్న ఈ శుభసందర్భాన, వారిని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం సహోద్యోగినైన నాకు దక్కింది. భాగ్యమే గానీ, ఏం రాయాలో వారం రోజులుగా తేలడం లేదు.

తొలి పదిహేనేళ్లు ప్రసూతి సేవల్లోనూ, ఆపైన ఒంగోలులో హృద్రోగుల వార్డులోనూ పనిచేసిన వారు, 2017లో మా బృందంలో చేరారు. గుండె బలహీనపడి ఇక కోలుకోలేని రోగులకు ఇంటివద్దనే ఆయాసం, బాధ తగ్గించడం, వారిని కనిపెట్టుకుని ఉండే ఇంటివారికి చేదోడుగా నిలవడం మా పని. ఇందులో ఆమె గురువు, నేను శిష్యుణ్ణి. హోదాలు మాత్రం ఎందుకో తలకిందులుగా ఉన్నాయి.

మిరప రైతు బుల్లయ్య గారి సంగతి రాయవచ్చో లేదో తెలియదు, రాస్తున్నాను. రోజూ పొద్దున్నే బరువు చూడమని వారింటికి ఒక మిషను ఇచ్చాం. నాలుగు రోజుల్లో మూడు కిలోలు పెరిగారు. అంటే ఒంట్లో నీరు చేరింది. ఆయన భార్య వెంకటేశ్వరమ్మ గారు మాత్రం తిండి ఒంటబట్టిందని సంబరపడి ఇరుగుపొరుగుకు చెప్పుకున్నారే గానీ మాకు ఫోను చేయలేదు. చేసి ఉంటే ఆయన మరికొన్ని వారాలు ఉండేవారేమో. వారం వారం చూసే వంతు ప్రకారం మేము వెళ్లిన మర్నాడే పోయారు.

పదకొండో రోజున పలకరించడానికి వెళ్లాం.

"బరువు పెరిగితే బాగుపడ్డాడనుకున్నానమ్మా. నావల్లే పోయాడా?" అని అడిగారు వెంకటేశ్వరమ్మ గారు.

"మీవల్ల కాదండీ. పెరిగితే ఫోను చెయ్యమని నేనే చెప్పలేదు. తప్పు నాది," అన్నారు కోటిరత్నం గారు.

నేను తెల్లబోయాను. ఆమె రెండుసార్లు చెప్పడం నా చెవులారా విన్నాను. తిరిగి వస్తూ జీపులో అదే అడిగాను.

"చెప్పానండీ. ఇప్పుడా మాటంటే ఆవిడ ఆ ఇంట్లో ఎట్టా బతుకుద్ది డాక్టరు గారూ?"

రోగి ఇంటివారికి అబద్ధం చెప్పకూడదని నేను చదువుకున్నాను. ఆమె చేసింది ఒప్పో తప్పో ఆ రోజూ తెలియలేదు, ఈ రోజూ తెలియదు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇది అచ్చువేయడానికి అనుమతి కోసం మొన్న ఆ ఊరు వెళ్లాను. ఎలా అడగాలో తెలియక నసుగుతుంటే వెంకటేశ్వరమ్మ గారే అందుకున్నారు.

"రాయండయ్యా. ఆవిడ రెండుసార్లు చెప్పింది, నాకు గుర్తే. నాకోసం అబద్ధమాడిందని ఆ రోజే తెలుసు. నా తప్పు ఒకళ్లు నెత్తినేసుకున్నారే అని, ఆ పూట లేచి అన్నం తిన్నా."

ఎవరు ఎవరిని ఓదార్చారో నాకిప్పటికీ అర్థం కాలేదు.

కోటిరత్నం గారూ, ఈ సంగతి మీకు తెలియడం ఇదే మొదలు. మీరు సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్లు చల్లగా ఉండాలని మా అందరి ఆకాంక్ష. వెంకటేశ్వరమ్మ గారు మాత్రం మరొకటి చెప్పమన్నారు: ఇకనైనా ఎవరి తప్పూ మీ నెత్తిన వేసుకోవద్దట.

డాక్టర్ సాయికౌశిక్