ఓడ గుద్దిన చోటు

కేసు మళ్ళీ వాయిదా పడింది. కోర్టు మెట్ల పక్కన ప్లీడరు ఫైలు విసురుగా కట్టేస్తున్నాడు. పడవ మునిగి చనిపోయిన జాలరి భార్య కదలకుండా ఎదురుగా నిలబడింది.

"ఈసారి ఏమన్నారండీ?"

"ఏమంటారమ్మా, అవతలి ప్లీడరు పాడిందే పాట. మీ ఆయన పడవని ఓడ గుద్దింది మన జలాల్లో కాదట, ఆవల నడిసముద్రంలోనట. కాబట్టి ఈ కోర్టుకి విచారించే అధికారమే లేదట."

"సముద్రం మీద గీత గీసుంటుందా అండీ?"

"పటంలో ఉంటుంది. ఒడ్డు నుంచి పన్నెండు మైళ్ళు."

"పోనీ, ఆ ఓడనే పట్టుకోమని మొదట్లో..."

"ఎక్కడ పట్టుకోను? రేవులో ఉండగా ఆర్డరు దొరికుంటే కట్టిపడేసేవాణ్ణి. మన కాగితాలు కదిలేలోపు అది దర్జాగా వెళ్ళిపోయింది. పదకొండింటికి గుద్దామని వాళ్ళే ఒప్పుకున్నారు. చోటు దగ్గరే మెలిక. హద్దులోపలే అని మనం రుజువు చెయ్యాలి."

"లోపలే అండీ. మధ్యాహ్నం అన్నానికి వచ్చే మనిషి ఎంత దూరం పోతాడు?"

"నాకు తెలుసు, నీకు తెలుసు. జడ్జిగారికి కాగితం కావాలి. పడవలో దారి చూపే మిషను?"

"పడవతోపాటే పోయింది."

"కూడా ఎవరూ..."

"ఒక్కడే వెళ్ళాడండీ. ఎన్నిసార్లు చెప్పను?"

"సరే, ఫోను? అంత దూరంలో సిగ్నల్ ఉండదు. ఆ టైములో ఫోను చేశాడంటే ఒడ్డుకి దగ్గర్లో ఉన్నట్టే. ఏ టవరుకి తగిలిందో కంపెనీవాళ్ళు రాసిస్తారు. నీకు చేశాడా?"

"నా ఫోనుకి... ఆ రోజు చార్జింగు లేదండీ."

"మొన్న పాడైందన్నావు."

"పాడైంది. చార్జింగు కూడా లేదు."

"అమ్మా, రెండేళ్ళుగా నీ కోసం ఈ మెట్లెక్కి దిగుతున్నాను. నా దగ్గరే దాస్తే నేనేం చెయ్యను? విసుగొస్తోంది. చేశాడా, లేదా?"

"వేరే దారి లేదాండీ?"

"లేదు."

"చేశాడు."

"ఎప్పుడు?"

"పదకొండు దాటాక. నాలుగుసార్లు."

"ఓడ గుద్దిన తర్వాతా? తల్లీ, ఇంత మాట రెండేళ్ళు కడుపులో పెట్టుకుని కూర్చున్నావా? ఇంక వాళ్ళ నోళ్ళు మూయించొచ్చు. ఏమన్నాడు?"

"పొద్దున పోట్లాడుకున్నామండీ. కోపంతో నేనే ఎత్తలేదు."

"ఎత్తలేదా?"

"ఆ కాగితం కోర్టులో పైకి చదువుతారా అండీ? సిగ్నల్ లేక ఫోను చెయ్యలేకపోయాడని మా అత్తకి చెప్పాను. అదిగో, ఇటే వస్తోంది."