పేరయ్య బండికి కరెంటిచ్చిన కోడలు

పేరయ్యని ఒకాయన ఉన్నాడు. ముప్పై ఏళ్లు లారీ తోలి తోలి, ఇంక చాల్లే అనుకుని, పాత వ్యానొకటి కొని దాన్నే ఇల్లు చేసేశాడంట. మంచం, ఫ్యాను, చిన్న ఫ్రిజ్జు, కరెంటు పొయ్యి, నీళ్లు కాగే హీటరు, అన్నీ అందులోనే అనుకో. పెళ్లాం వజ్రాన్ని ఎక్కించుకుని ఊళ్లు చూడ్డానికి బయల్దేరాడు. మరి బండికి కరెంటు కావాలిగా? ఎక్కడాగితే అక్కడ ఎవరింట్లోంచో ఓ వైరు లాక్కోవడమే. అలా అలా మా ఊరొచ్చి తాతబ్బాయిగారి వాకిట్లో ఆపి, రెండ్రోజులుంటామండి, కాస్త కరెంటిస్తారా అనడిగాడంట. తాతబ్బాయిగారు మీకు తెలుసుగా, కాదనే మనిషి కాదు, తెలీదనే మనిషీ కాదు. "దానికేముందయ్యా, వసారాలో ప్లగ్గుంది, పెట్టేసుకో" అన్నాడు.

ఆయనకో కోడలుంది, సుభాషిణి. పేరుకి సుభాషిణే గానీ, కాపురానికొచ్చి నాలుగు నెల్లయినా ఆ పిల్ల గొంతు మావగారు వినలేదు. ఐటీఐలో కరెంటు పని చదివొచ్చింది, ఆ ఇంట్లో ఎవరికి చెప్తుంది చెప్పు? గుమ్మంలోంచి చూస్తే ఏముంది, సెల్లు చార్జింగు పెట్టుకునే చిన్న ప్లగ్గు. పేరయ్య తెచ్చిందేమో సన్నటి రెండు తీగల వైరు, ఎర్తు లేదు, పైగా సగం చుట్ట చుట్టినట్టే ఉంది. అత్తగారి చెవిలో "ఆ వైరు అంత బరువు మొయ్యదత్తయ్యా" అంది. ఆవిడెళ్లి తాతబ్బాయిగారికి చెప్పింది. ఏం కాదులే, నేను చూసుకుంటాగా అన్నాడంట ఆయన.

ఏమైందంటే, పేరయ్య పొయ్యి మీద పులుసు పెట్టాడు, వజ్రం స్నానానికని హీటరేసింది, ఫ్రిజ్జు ఎలాగూ తిరుగుతానే ఉంది. ఆవిడ స్నానం చేసి తడికాళ్లతో కిందికి దిగి, తలుపు మూద్దామని బండి రేకు మీద చెయ్యేసింది. చెయ్యంతా లాగేసినట్టయి ఎనక్కి పడింది. ఇటు వైరు చుట్టలోంచి పొగ, మాడిన వాసన. తాతబ్బాయిగారు కంగారుగా వచ్చి ఆ వైరే పట్టుకుని లాగబోయాడు. అప్పుడొచ్చిందండి ఆ పిల్ల గొంతు. "మావయ్యగారూ, ముట్టుకోకండి" అంది. గట్టిగానే అంది. ఆయన చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. పిల్ల లోపలికి పరిగెత్తి మెయిను దించేసింది. వజ్రాన్ని కూచోబెట్టారు, డాక్టరొచ్చి చూసి బానే ఉందన్నాడు. పేరయ్య మాత్రం ఆవిడ చెయ్యి వదల్లేదు, ముఖం తెల్లబోయి.

తాతబ్బాయిగారు ఆ మాడిన వైరు దగ్గరికెళ్లి వంగి చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఇప్పుడేం చెయ్యాలమ్మా?" అని కోడల్నే అడిగాడు. ఇంక ఆ పిల్ల ఆగలేదు. హీటరు వైరు ఒకచోట పై తొడుగు ఊడి బండి రేకుకి తగుల్తా ఉంటే అది మార్చింది. మొగుణ్ని పంపి లావుపాటి మూడు తీగల వైరు తెప్పించింది, షాకు కొడితే తనంతట తనే కట్టయిపోయే స్విచ్చొకటి తెప్పించింది. మోటారుకని వేసిన పెద్ద ప్లగ్గుకి ఎర్తు బతికుందో లేదో చూసుకుంది. వైరు మొత్తం విప్పి పరిచింది, జాయింట్లు తడి నేల మీద లేకుండా చూసింది. "బాబాయిగారూ, ముందు బండిలో అన్నీ ఆపెయ్యండి, అప్పుడు ప్లగ్గు పెట్టండి, తర్వాత ఒక్కోటీ వేసుకోండి. పొయ్యీ హీటరూ మాత్రం కలిపి వెయ్యకండి" అంది. పేరయ్య బుద్ధిగా తలూపాడు.

రెండ్రోజులన్నవాళ్లు వారం ఉన్నారనుకో. పులుసులు అటూ ఇటూ తిరిగాయి. వెళ్లేముందు పేరయ్య, అమ్మా, నాకు గుర్తుండదు, రాసియ్యి అన్నాడంట. రాసిచ్చింది. తాతబ్బాయిగారు ఆ కాయితం తీసుకుని అందరి ముందూ పైకి చదివాడు. ఆఖరి ముక్క దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. అక్కడేముందంటే, 'ఇంటి పెద్దాయన ఏం కాదులే అన్నా, మీరు చూసి పెట్టుకోండి' అని ఉంది. కోడలు గుమ్మం పక్కకి జరిగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "అక్షరాలు గుండ్రంగా ఉన్నాయమ్మా" అన్నాడంట. అంటే ఒప్పుకున్నట్టేగా. ఆ మాత్రం ఒప్పుకోవడానికి ఆయనకి అరవై ఏళ్లు పట్టింది, మన ఇళ్లల్లో ఇంకొందరికి ఎన్నేళ్లు పడుతుందో నన్నడక్కండి.